మస్కట్ షావుకార్ల చిట్టాలు

2024 మే 19 నుంచి 27 దాకా మస్కట్‌లో ఒక మంచి పని జరిగింది. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు, అక్కడి భారత రాయబార కార్యాలయంతో కలిసి, ఒమాన్‌లో రెండున్నర శతాబ్దాలుగా పాతుకుపోయిన గుజరాతీ వ్యాపార కుటుంబాల పాత కాగితాలను ముందేసుకుని కూర్చున్నారు. 32 కుటుంబాలు తమ పెట్టెలు తెరిచాయి. లెక్కల పుస్తకాలు, సరుకు బిల్లులు, టెలిగ్రాములు, ఉత్తరాలు, పాస్‌పోర్టులు, డైరీలు, ఫొటోలు అన్నీ కలిపి 7,000కు పైగా పత్రాలను స్కాన్ చేశారు. గుజరాతీ, అరబిక్, ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉన్న ఆ పత్రాల్లో అన్నిటికన్నా పాతది 1838 నాటిది. పెద్దవాళ్ళ చేత పాత సంగతులు చెప్పించి రికార్డు కూడా చేశారు. పరదేశంలో స్థిరపడిన భారతీయుల సొంత కాగితాలను ఆ సంస్థ ఇలా సేకరించడం అదే మొదటిసారి.

ఇన్నేళ్ళు ఆ కాగితాలు ఎలా నిలిచాయన్నది ఆలోచించదగ్గ విషయం. మస్కట్ రేవు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. కాగితానికి అంతకంటే శత్రువులు ఉండరు. అయినా దాచారంటే, చరిత్ర మీద మమకారంతో దాచారనుకోలేం. బాకీల కోసం దాచారు. ఎవరు ఎంత ఇవ్వాలి, ఏ ఓడలో ఎవరి సరుకు ఎంత వెళ్ళింది, అన్నదమ్ముల మధ్య ఏ వాటా ఎప్పుడు తేలింది అన్నదానికి అదొక్కటే సాక్ష్యం. వ్యాపారి దృష్టిలో పాత పుస్తకం అంటే ఇంకా వసూలు కావలసిన సొమ్ము. ఆ పట్టుదలే తరాల తర్వాత వాళ్ళ మనవళ్ళకు చరిత్రను మిగిల్చింది.

మన వైపు కూడా ఈ అలవాటు ఉండేది. చిట్టా, ఆవర్జా లేని కొట్టు తెలుగు దేశంలో ఉండేది కాదు. రోజు జరిగిన లావాదేవీ చిట్టాలోకి, అక్కడి నుంచి మనిషి పేరున ఆవర్జాలోకి ఎక్కేది. గుమాస్తా చేతిరాత చూసి ఏ ఏడాది పద్దో చెప్పగలిగిన షావుకార్లు ఉండేవారు. కానీ కొట్టు మూతపడిన రోజునో, అన్నదమ్ములు విడిపోయిన రోజునో ఆ పుస్తకాలు తూకానికి వెళ్ళిపోయేవి. మచిలీపట్నం నుంచి పర్షియా రేవులకు అద్దకం బట్టలు పంపిన నేల ఇది. ఆ బట్టలు వేయించి, ఓడలకెత్తించిన ఇళ్ళ పద్దు పుస్తకాలు నేటి మన కుటుంబాల చేతుల్లో ఎన్ని ఉన్నాయి? విదేశీ కంపెనీల రికార్డుల్లో వాళ్ళు రాసుకున్న మేరకే మన వ్యాపారులు మనకు కనిపిస్తున్నారు.

మస్కట్ గుజరాతీల్లో ఎక్కువమంది కచ్‌లోని మాండ్వి రేవు నుంచి వెళ్ళిన భాటియా వర్తకులు. అందరికీ తెలిసిన పేరు ఖిమ్జీ రామ్‌దాస్. 1870లో రామ్‌దాస్ థాకర్సీ మొదలుపెట్టిన ఆ వ్యాపారం ఇవాళ ఒమాన్‌లో పెద్ద వ్యాపార సంస్థల్లో ఒకటి. ఆ వంశంలో నాలుగో తరం మనిషి కనక్సీ ఖిమ్జీ 2021 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయనకు అప్పటి ఒమాన్ పాలకుడు సుల్తాన్ ఖాబూస్ ‘షేక్’ గౌరవం ఇచ్చారు. అరబ్బు దేశాల్లో ఆ గౌరవం దక్కిన తొలి హిందువుగా ఆయన్ని చెప్పుకుంటారు. 1975లో మొదలైన ఇండియన్ స్కూల్ మస్కట్ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. ఒమాన్‌లో క్రికెట్ వేళ్ళూనుకోవడానికి కూడా ఆయనే ముఖ్య కారణం. 2021 టీ20 ప్రపంచ కప్పు మ్యాచ్‌లు మస్కట్ పక్కన అల్ అమరాత్ మైదానంలో జరిగినప్పుడు ఆ మనిషి లేరు గాని, ఆ పునాది ఆయనది. దేశంతో నూటయాభై ఏళ్ళ పొత్తు ఉన్న కుటుంబాన్ని ‘బయటివాళ్ళు’ అని ఎవరూ అనలేరు. ఆ చనువు బ్యాలెన్స్ షీటులో కనిపించకపోయినా, వ్యాపారంలో దాని విలువ అపారం.

ఆ కాలపు ఒక లెక్కల పుస్తకాన్ని దగ్గరగా చూస్తే ఏముంటుంది? పొడుగాటి కాగితాల్ని మధ్యలో మడిచి కుట్టి, ఎర్ర గుడ్డ అట్ట వేసి ఉంటుంది. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. ఇప్పటి ఇంగ్లీషు పద్ధతికి ఇది తలకిందులు కాబట్టి, కామర్స్ చదివిన మనవడు మొదటి పేజీలోనే తికమకపడతాడు. తేదీ విక్రమ సంవత్సరంలో ఉంటుంది. 1838కి రావాలంటే విక్రమ సంవత్సరం 1894, 1895ల దగ్గర వెతకాలి. పోనీ 57 తీసేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. గుజరాత్‌లో కొత్త సంవత్సరం దీపావళి మర్నాడు మొదలైతే, కచ్‌లో ఆషాఢ శుద్ధ విదియ నాడు మొదలవుతుంది. ఏ నెలలో రాశారో చూసుకోకపోతే ఏడాది తేడా వచ్చేస్తుంది. అదే బేరానికి సంబంధించిన అరబిక్ కాగితం మీద హిజ్రీ తేదీ ఉంటుంది. ఇక డబ్బు: ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న వెండి నాణెం, కచ్ కోరీ, బొంబాయి రూపాయి, ఈ మూడూ ఆనాటి రేవులో చెలామణీలో ఉన్నవే. ఒక ఖర్జూరం బేరం వెనక ఇన్ని లెక్కలు. తాత ఎంత తెలివిగా బతికాడో మనవడికి ఉపన్యాసం చెప్పి నమ్మించడం కష్టం. ఇలాంటి ఒక్క పేజీ దగ్గర కూర్చోబెడితే వాడికే తెలుస్తుంది.

ఖర్జూరం మాట వచ్చింది కాబట్టి ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వ్యాపారానికి చరిత్ర ఎలా పనికొస్తుందో అందులో ఉంది. 1833లోనే అమెరికా, మస్కట్ పాలకుడితో వాణిజ్య ఒప్పందం చేసుకుంది. 1840లో ‘సుల్తానా’ అనే ఓడ అహ్మద్ బిన్ నుమాన్ ఆధ్వర్యంలో న్యూయార్క్ రేవు చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఒమాన్‌లో పండే ‘ఫర్ద్’ ఖర్జూరం అమెరికా పండుగల రోజుల్లో ఇంటింటా కనిపించే సరుకైంది. కొత్త పంటను అందరికంటే ముందు న్యూయార్క్ చేర్చాలని ఓడలు పోటీపడేవి. మస్కట్‌లో భారతీయ వ్యాపారులు, 1866లో ఒక ఆంగ్లేయుడి పేరుతో మొదలై తర్వాత ఒమానీ కుటుంబం చేతికొచ్చిన డబ్ల్యు.జె. టవెల్ కంపెనీ, ఈ వ్యాపారంలో బాగా గడించారు. ఇంతలో కాలిఫోర్నియా ఎడారిలో అమెరికావాళ్ళే ఖర్జూరం పండించడం మొదలెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలు గడిచేసరికి ఒమాన్ ఖర్జూరానికి ఆ అంగడి చేజారింది. దాదాపు అదే కాలంలో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి గల్ఫ్ ముత్యాల వ్యాపారాన్ని కూలదోశాయి.

ఒకే సరుకు, ఒకే అంగడి మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి మేనేజ్‌మెంటు పుస్తకాలు అక్కర్లేదు. ఆ దెబ్బ తిని నిలబడిన ఇంటి ఉత్తరాలు ఉంటే చాలు. ఏ ఏడాది ఆర్డర్లు తగ్గాయి, ఎవరు ముందు పసిగట్టారు, ఏ సరుకులోకి మళ్ళారు, ఎవరిని నమ్మి అప్పు ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నీ అందులో ఉంటాయి. అంతకుముందూ కుదుపులు వచ్చాయి. 1861లో జాంజిబార్ మస్కట్ నుంచి విడిపోయింది. 1862లో బ్రిటిష్ ఆవిరి ఓడలు గల్ఫ్‌లోకి క్రమం తప్పకుండా రావడం మొదలైంది. దాంతో తెరచాప ఓడల మీద బతికినవాళ్ళు దెబ్బతిన్నారు. 1966లో ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించినప్పుడు ఒమాన్‌లో చెలామణీలో ఉన్నది భారత రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయే. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం మస్కట్ పక్కన మత్రా బజారులోని గల్లాపెట్టెను తాకింది. 1970లో ఒమాన్ తన సొంత రియాల్ తెచ్చుకునే దాకా ఆ ముడి వీడలేదు. ఇన్ని మలుపులు దాటిన కుటుంబంలో పుట్టిన కుర్రాడికి చమురు ధర పడిపోయినప్పుడు కాళ్ళు వణకవు. దాటిన విషయం అతనికి తెలిసి ఉండాలి, అంతే.

ఇక్కడే ఒక గట్టి మాట అనుకోవాలి. పాత వ్యాపారాన్ని బోర్డు మీద ‘స్థాపితం’ అని సంవత్సరం రాసుకోవడానికి వాడుకునేవాళ్ళు చాలామంది. ఆ సంవత్సరం వెనకున్నదంతా చెప్పేవాళ్ళు అరుదు. మాథ్యూ హాపర్ అనే చరిత్రకారుడు 2015లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా తెచ్చిన పుస్తకంలో ఒమాన్ ఖర్జూర తోటల వెనకున్న చేదు నిజాన్ని బయటపెట్టారు. అమెరికాలో ఖర్జూరం గిరాకీ పెరిగినకొద్దీ అల్ బాతినా తీరపు తోటల్లో తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చాకిరీ పెరిగింది. న్యూయార్క్‌లో క్రిస్మస్ బల్లమీదికి చేరిన పండు వెనక వాళ్ళ చెమట ఉంది. ఒమాన్‌లో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1970లోనే. మస్కట్ రేవు ఒకప్పుడు తుపాకుల వ్యాపారానికీ పేరు మోసింది. ఇవన్నీ కొట్టేసి, వెలుగున్న పేజీలు మాత్రమే చూపించే చరిత్ర ప్రకటనలకు పనికొస్తుందేమో గాని, ఇంటికి పనికిరాదు. వ్యాపారానికీ ఎక్కువ కాలం పనికిరాదు. ఏదో ఒక రోజు బయటివాళ్ళు ఆ పేజీ తెరుస్తారు. దాన్ని ఇంటివాళ్ళే ముందు తెరిచి చదవడం మర్యాద.

చరిత్రను నిజాయితీగా వాడుకున్న ఉదాహరణలకు ఒమాన్‌లో కొదవ లేదు. సుల్తాన్ ఖాబూస్ కోరిక మీద 1983లో మొదలైన అమువాజ్ అత్తరు సంస్థ వయసు తక్కువే. తన వయసు గురించి అది గొప్పలు చెప్పుకోదు. దోఫార్ కొండల సాంబ్రాణికి ఉన్న వేల ఏళ్ళ పేరును మాత్రం ముందు పెడుతుంది. ఆ సాంబ్రాణి చెట్లున్న వాదీ దవ్‌కా, యునెస్కో 2000లో గుర్తించిన వారసత్వ ప్రాంతంలో భాగం. పాత మస్కట్‌లో జుబేర్ కుటుంబం 1914లో కట్టుకున్న ఇంటిని 1998లో ‘బైత్ అల్ జుబేర్’ మ్యూజియంగా మార్చింది. ఇంట్లో వాడిన ఖంజర్లు, నగలు, బట్టలు, వంటపాత్రలే అక్కడి ప్రదర్శన. ఆ కుటుంబానికి పెద్ద వ్యాపారాలు చాలా ఉన్నాయి. కానీ ఒమాన్ వచ్చిన పరదేశికి ఆ పేరు ఆ ఇంటి గుమ్మం దగ్గరే పరిచయమవుతుంది.

డబ్బూ దర్పమూ లేనివాళ్ళ మాటేమిటంటే, మిస్ఫాత్ అల్ అబ్రియీన్ అనే కొండ ఊరు చూడాలి. అల్ హమ్రా దగ్గర, బండల అంచున మట్టి ఇళ్ళు, కింద మెట్లు మెట్లుగా ఖర్జూర తోటలు. పిల్లలు కొత్త ఇళ్ళకు మారిపోయాక పాత ఇళ్ళు కూలిపోవలసినవే. కొన్ని కుటుంబాలు తాతల ఇళ్ళనే బాగుచేసి, ప్రయాణికులకు గదులుగా ఇచ్చాయి. పరుపు నేల మీదే, భోజనం ఇంటి వంటే. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఆ ఊరి పేరుంది.

ఆ ఊరికి ప్రాణం ఫలజ్. కొండ కడుపులోని నీటిని కాలువ కట్టి, వాలు మీదుగా తోటలకు పారించే పద్ధతి. దేశంలో మూడు వేలకు పైగా ఫలజ్‌లు ఇప్పటికీ పారుతున్నాయి. అందులో ఐదింటిని యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది. నీటికి వాటాలుంటాయి. వాటా కొలత నీళ్ళ పరిమాణంతో కాదు, కాలంతో. సుమారు అరగంట ఒక ‘అథర్’. పగలు నీడ గడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతు మార్చేవారు. మన ఊళ్ళలో చెరువు కింద నీరటి చేసిన పనిని అక్కడ అరీఫ్ చేస్తాడు. ఆ వాటా తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది, అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు. మరమ్మతుల ఖర్చు కోసం కొంత నీటిని వేలం వేస్తారు. కాబట్టి ఎవరి తాత ఎవరో, ఏ మేనత్తకు ఎంత వాటా వెళ్ళిందో తెలియకపోతే తోటకు నీళ్ళే రావు. ఆ ఊళ్ళో వంశచరిత్ర తెలిసి ఉండటం రోజువారీ అవసరం. కుటుంబమూ వ్యాపారమూ ఒకే దస్త్రంలో ఉండటం అంటే ఇదే.

ఇంటికి చరిత్ర ఏం చేస్తుందన్న ప్రశ్నకు అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వెతికిన జవాబు ఒకటుంది. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారో తెలుసా, తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, నీ పుట్టుక కథ తెలుసా అంటూ పిల్లలకు 20 ప్రశ్నలు వేశారు. ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం, బతుకు తమ చేతుల్లో ఉందన్న ధీమా ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ పట్టిస్తే ఆ ధీమా రాదని వాళ్ళే హెచ్చరించారు. అన్నం దగ్గరా ప్రయాణాల్లోనూ ఆ కథలు చెప్పుకునే ఇంటి వాతావరణమే అసలు సంగతి. ఎప్పుడూ పైకే ఎదిగామని చెప్పే కథకన్నా, ఎప్పుడూ నష్టపోయామని చెప్పే కథకన్నా, లేచాం, పడ్డాం, మళ్ళీ లేచాం అన్న కథే పిల్లలకు ఎక్కువ బలమిస్తుందని డ్యూక్ అభిప్రాయం. ఖర్జూరం బేరం పోయిన ఏడాది పేజీని చింపెయ్యకూడదనడానికి ఇది కూడా కారణం.

ఇప్పుడు ఒమాన్‌లోని తెలుగువాళ్ళ దగ్గరికి వద్దాం. కడప, రాజంపేట, కోనసీమ, నిజామాబాద్, జగిత్యాల వైపుల నుంచి వెళ్ళినవాళ్ళు తాపీ పని నుంచి ఆసుపత్రి ఉద్యోగాల దాకా, డ్రైవింగ్ నుంచి సొంత కొట్ల దాకా అన్నింట్లో ఉన్నారు. కొందరికి రెండో తరం నడుస్తోంది. వాళ్ళకు 1838 నాటి చిట్టా ఉండదు. కానీ పెట్టె అడుగున ఏజెంటు ఇచ్చిన మొదటి అగ్రిమెంటు ఉంటుంది. గడువు తీరిన పతాకా (నివాస కార్డు) ఉంటుంది. ఎర్ర నీలం అంచుల ఎయిర్‌మెయిల్ కవర్లు, బ్యాంకు డ్రాఫ్టుల రసీదులు, ఫోను ఖరీదైన రోజుల్లో మాట రికార్డు చేసి ఊరికెళ్ళేవాళ్ళ చేత పంపిన క్యాసెట్లు ఉంటాయి. వీటన్నిట్లో ముందు అందుకోవలసింది క్యాసెట్లనే. టేపు మీది పూత ఏటికేడు దెబ్బతింటుంది, వినిపించే యంత్రాలూ దొరకడం లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకుంటే మంచిది.

చిన్న కొట్లవాళ్ళకు ఇంకో చిక్కుంది. చాలాకాలం పరదేశి పెట్టుబడి పెట్టి నడిపిన కొట్టు కాగితాల్లో మాత్రం కఫీల్ (స్థానిక పూచీదారు) పేరు మీద ఉండేది. ఇరవై ఏళ్ళు టీ కొట్టు నడిపినా, టైలరింగ్ షాపు నడిపినా తన పేరున కాగితం ముక్క ఉండేది కాదు. 2020 నుంచి అమల్లోకొచ్చిన విదేశీ పెట్టుబడుల చట్టం చాలా వ్యాపారాల్లో విదేశీయుడికి పూర్తి యాజమాన్యం ఇచ్చింది. పేరొకరిది, వ్యాపారమొకరిది అన్న పద్ధతిని ప్రభుత్వం ఇప్పుడు ఒప్పుకోదు. సొంత పేరున మొదలుపెట్టేవాళ్ళు మొదటి రోజు నుంచే అద్దె రసీదులు, సరుకు బిల్లులు, ఖాతాదార్ల పుస్తకం వరసగా దాచుకోవాలి. బ్యాంకు అప్పు దగ్గరా, రేపు కొట్టు పిల్లల చేతికొచ్చేటప్పుడూ అవే నిలబడతాయి.

దాచే పద్ధతి కష్టమైనదేం కాదు. పాత కాగితాన్ని లామినేషన్ చేయించకూడదు. వేడికీ జిగురుకీ కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదియ్యడం కుదరదు. చిరుగుకు టేపు అంటించకూడదు. ఇనుప పిన్నులు తీసెయ్యాలి, తుప్పు మరక పోదు. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. ఆ పేర్లు చెప్పగల మనిషి ఉన్నప్పుడే రాయాలి. పెద్దవాళ్ళ చేత చెప్పించేటప్పుడు ‘మీ జీవితం గురించి చెప్పండి’ అని అడిగితే నాలుగు మాటల్లో ముగించేస్తారు. చేతికి ఒక రసీదు ఇచ్చి, ‘ఇది ఎక్కడిది నాన్నా?’ అంటే చాలు, ఆ పూటంతా మాట్లాడతారు.

లెక్కల పుస్తకాల్లో కనిపించని మనుషులు కొందరుంటారు. తొలి రోజుల్లో మస్కట్ భాటియాలు చాలామంది భార్యాపిల్లల్ని కచ్‌లోనే ఉంచి వెళ్ళేవారు. మాండ్విలో ఇల్లు నడిపిన ఆ ఆడవాళ్ళ మాట జమాఖర్చుల్లో దొరకదు. కడప జిల్లా పల్లెల్లో, జగిత్యాల వైపు ఊళ్ళలో ఇదే కథ నిన్నమొన్నటి దాకా నడిచింది, ఇవాళా నడుస్తోంది. ఆయన మస్కట్‌లో రియాళ్ళు లెక్కబెడితే, ఇక్కడ వాటిని రూపాయల్లోకి మార్చి సంసారం ఈడ్చింది ఆవిడ. డ్రాఫ్టు అందిన రోజు ఏజెంటు అప్పు ముందు కట్టిందా, పిల్లాడి ఫీజు కట్టిందా, రెండు నెలలు డబ్బు రానప్పుడు ఎవరి దగ్గర చేబదులు తెచ్చింది, పుస్తెలతాడు ఏ బ్యాంకులో ఎన్నాళ్ళుంది, ఎకరం పొలం బేరం ఎవరితో మాట్లాడి ఖాయం చేసింది, ఇవన్నీ ఆవిడకు తారీఖులతో సహా గుర్తుంటాయి. కొడుకులకు తెలియవు, ఆయనకూ సగం తెలియవు. ఫోనులో రికార్డు బటన్ నొక్కి ముందు కూర్చోవలసింది ఆవిడ దగ్గరే.